లే మాన్ విన్నర్ల మోడల్ కార్ల సెట్: మూడు బాగున్నాయి, 956 మాత్రం బాధపెట్టింది

ఫ్రాన్స్‌లో జరిగే లే మాన్ 24 గంటల రేసు గెలిచిన నాలుగు కార్ల (రోడ్డు కార్లు కాదు, రేసు కోసమే కట్టినవి) మోడల్ సెట్ ఇది: పోర్షే 917కె, పోర్షే 956, మాజ్దా 787బి, ఆడి ఆర్10. 1:43 సైజు, అంటే అసలు కారులో 43వ వంతు, ఒక్కోటి అరచేతిలో పడుతుంది. లోహపు బాడీ, కింద నల్ల స్టాండు, దుమ్ము పడకుండా పైన అద్దంలాంటి ప్లాస్టిక్ మూత. రెండు నెలలుగా నా టేబుల్ మీదే ఉన్నాయి, రోజూ ఏదో ఒకటి తీసి తిప్పి చూస్తూనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఇలాంటి మోడల్ చేతికి వస్తే నేను ముందు వెనక భాగం చూస్తాను, తర్వాత అడుగు. రంగులు, స్టిక్కర్లు చివర్లో. ఎందుకంటే ఈ రేసింగ్‌లో ఆ ఏడాది రూల్ ఏమిటి, దానికి ఇంజనీర్లు ఏం చేశారు అన్నది కారు ఆకారంలోనే కనిపిస్తుంది.

917కెలో అది చక్కగా పట్టుకున్నారు. 5 లీటర్ల ఇంజన్ల క్లాసులో పోటీ చేయాలంటే కనీసం 25 కార్లు తయారుచేసి చూపించాలన్నది రూల్, పోర్షే 1969లో 25 కార్లనూ ఫ్యాక్టరీ ముందు వరసగా నిలబెట్టి చూపించింది. కానీ మొదట్లో ఆ కారు స్పీడులో నిలకడగా ఉండేది కాదు, డ్రైవర్లకే భయం వేసేది. ఆ ఏడాది చివర్లో ఆస్ట్రియాలో టెస్టింగ్ చేస్తున్నప్పుడు పోర్షే కార్లను రేసుల్లో నడిపిన జాన్ వైయర్ టీమ్ ఇంజనీర్ జాన్ హార్స్‌మన్ ఒక విషయం గమనించాడు: కారంతా చచ్చిన పురుగులు అంటుకుని ఉన్నాయి, వెనక స్పాయిలర్ల (గాలితో కారును కిందికి నొక్కే రేకుల) మీద మాత్రం ఒక్కటీ లేదు. అంటే అక్కడికి గాలే తగలడం లేదు! అక్కడికక్కడే అల్యూమినియం రేకులు బిగించి తోకను పొట్టిగా, పైకి లేచేలా మార్చేశారు, కారు దారికొచ్చింది. ఈ మోడల్లో ఆ పొట్టి తోక, దాని మధ్యలో కాలువలా దిగిన లోతు, ఇంజన్ మీద అడ్డంగా పడుకున్న పెద్ద ఫ్యాన్, అన్నీ ఉన్నాయి. నంబర్ 23, ఎరుపు తెలుపు రంగులు. 1970లో వానలో హాన్స్ హెర్మన్, రిచర్డ్ ఆట్‌వుడ్ గెలిచిన కారు ఇదే, లే మాన్‌లో పోర్షేకి మొట్టమొదటి విజయం. ఎరుపు, తెలుపు కలిసే చోట గీత ఒక్కచోట కూడా చెదరలేదు.

ఇక 956. చెప్పడానికే బాధగా ఉంది. పైనుంచి చూస్తే ఏ వంకా లేదు, నంబర్ 1, దాన్ని నడిపిన జాకీ ఇక్స్, డెరెక్ బెల్ పేర్లు తలుపు మీద సన్నటి అక్షరాల్లో కూడా చదవగలిగేలా ఉన్నాయి. తిరగేసి చూస్తే అడుగు చదునుగా ఒక నల్ల పలక! 956 గొప్పతనమంతా ఆ అడుగులోనే ఉంది కదా. 1982లో గ్రూప్ సి అనే కొత్త రేసు క్లాసు వచ్చినప్పుడు ఇంజన్ ఎంత పెద్దదైనా పెట్టుకోండి, పెట్రోలు మాత్రం ఇంతే అన్నారు, ట్యాంకు 100 లీటర్లు మించకూడదు. పోర్షే కారు కింద గాలి దూసుకుపోయే సొరంగాలు పెట్టింది, ఆ గాలి కింద ఒత్తిడి తగ్గించి కారును రోడ్డుకు అదిమిపట్టేది. వెడల్పాటి ఆరు సిలిండర్ల ఇంజన్ ఆ సొరంగాలకు అడ్డురాకుండా దాన్ని కాస్త వంచి బిగించారు కూడా. ఆ ఏడాది లే మాన్‌లో 1, 2, 3 నంబర్ల కార్లు అదే వరసలో మొదటి మూడు స్థానాల్లో వచ్చాయి. ఇంత కథ ఉన్న చోట చదును పలక అంటించి పంపడం నాకు అస్సలు నచ్చలేదు. అమ్మినవాళ్లకు రాస్తే, అడుగు ఎలాగూ కనిపించదు కదా అని జవాబొచ్చింది. ఆ జవాబుకు ఇంకా కోపం వచ్చింది.

సెట్‌లో నా ఫేవరెట్ 787బి. నారింజ, ఆకుపచ్చ గళ్లు ఒకదానికొకటి ఆనుకునే చోట చేత్తో అతికించినంత శ్రద్ధ కనిపిస్తుంది. పిస్టన్లు లేని, వాటికి బదులు గుండ్రంగా తిరిగే నాలుగు రోటర్లున్న ఇంజన్‌తో 1991లో గెలిచింది, 362 ల్యాపులు. పాత మెర్సిడెస్‌లు, జాగ్వార్‌లు కనీసం 1000 కిలోలు తూగాలంటే మాజ్దాకు 830 కిలోలు చాలన్నారు, ఆ తేడా 24 గంటల రేసులో చిన్నది కాదు. ముందున్న మెర్సిడెస్ చివరి గంటల్లో ఆగిపోయింది, నంబర్ 55 మాత్రం ఆగలేదు. చివర్లో నడిపిన జానీ హెర్బర్ట్ కారు దిగాక సొమ్మసిల్లి పోడియం కూడా ఎక్కలేకపోయాడు. జపాన్ కంపెనీ లే మాన్ మళ్లీ గెలవడానికి 2018 దాకా, టొయోటా దాకా ఆగాల్సి వచ్చింది. మోడల్ తలుపు మీద ముగ్గురు డ్రైవర్ల పేర్లూ ఉన్నాయి: వైడ్లర్, హెర్బర్ట్, గషో. వెనక వింగ్ సన్నగా ఉంది, పట్టుకునేటప్పుడు జాగ్రత్త.

ఆర్10 పర్వాలేదు. 2006లో గెలిచి, డీజిల్‌తో లే మాన్ గెలిచిన మొదటి కారు అయింది, పన్నెండు సిలిండర్ల పొడుగాటి వి12 ఇంజన్ పట్టాలని చక్రాల మధ్య దూరం పెంచారు, మోడల్లో ఆ పొడుగు సరిగ్గానే వచ్చింది. నాకొచ్చిన దాంట్లో ఎడమవైపు ముందు చక్రం తిరగదు, అంతే.

ఐదుకు మూడున్నర ఇస్తాను. 917కె, 787బి విడిగా దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. 956 మాత్రం ఎవరు తయారుచేసినదైనా సరే, కొనేముందు అడుగు ఫొటో పంపమని అడగండి, సొరంగాలు కనిపించకపోతే వద్దనండి.