పగడం మీద గొట్టం: నత్తా, పురుగా?

మా రీఫ్ ట్యాంకులో (బతికున్న పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పగడం అంచున సన్నటి తెల్ల గొట్టాలు మొలిచాయి. చూడగానే టెన్షన్. అనుమానం ఇద్దరి మీద: ఒకేచోట అతుక్కుని గొట్టంలో బతికే వెర్మెటిడ్ నత్త, అలాగే గొట్టంలో ఉండే ఈకల పురుగు.

గొట్టం చూసి తేల్చలేం. నత్తదీ, చిన్న ఈకల పురుగుల్లో చాలావాటిదీ గట్టి సున్నపు గొట్టమే. పంపు ఆపి, చిటికెడు పొడి మేత వేసి, టార్చి పట్టి చూడాలి. పురుగైతే గొట్టం మూతిలోంచి బుల్లి ఈకల విసనకర్ర విచ్చుకుంటుంది, నీడ పడితే చటుక్కున లోపలికి. నత్తకు ఈకలుండవు. సాలెపోగులాంటి జిగురు దారాలు వదిలి, మేత అంటుకున్నాక దారంతో సహా మింగేస్తుంది. ఆ జిగురు తగిలినచోట పగడం పాలిప్‌లు (పగడంలోని బుల్లి జీవులు) ముడుచుకుంటాయి.

పురుగును వదిలేయండి, దాని మానాన అది నీళ్లు వడగట్టుకుని బతుకుతుంది. నత్త గొట్టం మూతికి మాత్రం సూపర్ గ్లూ జెల్ చుక్క పెట్టి మూసేయండి. చేత్తో విరగ్గొట్టకండి, అంచు బ్లేడులా ఉంటుంది. నా బొటనవేలే సాక్షి.