పంపు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఫిల్టర్ కొనండి: పీసీపీ రైఫిల్ గాలి సామాన్ల మీద నా సమీక్ష

పీసీపీ, అంటే సిలిండర్‌లో ముందే గాలి నింపి పెట్టుకుని కాల్చే ఎయిర్ రైఫిల్ కొనేవాళ్లు బారెల్ గురించి, ట్రిగ్గర్ గురించి నెలల తరబడి ఆరా తీస్తారు. గాలి నింపే సామాన్ల దగ్గరికొచ్చేసరికి "పంపు ఒకటి ఉంటే సరిపోదా" అంటారు. హన్మకొండ ఎండల్లో, ఇక్కడి వానాకాలం ఉక్కపోతలో ఏళ్లుగా వాడినవాడిగా చెప్తున్నా, సరిపోదు. రైఫిల్ ఎన్నాళ్లు బతుకుతుందో తేల్చేది పంపుకీ రైఫిల్‌కీ మధ్య ఉండే చిల్లర సామానే. ఫిల్టరు, గొట్టం, రైఫిల్‌లో దోపి గాలి ఎక్కించే ప్రోబు, గాలి కారకుండా ఆపే రబ్బరు ఆరింగులు.

నాది .177 కాలిబర్, 20 జౌల్స్ లోపు రైఫిల్. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం దీనికి లైసెన్సు అక్కర్లేదు. ధర్మసాగర్ దగ్గర మా బావ మామిడితోటలో 10 మీటర్ల దూరంలో కాగితం టార్గెట్లు పెట్టుకుని కొడుతుంటాం. సిలిండర్ 200 సీసీ, 200 బార్ దాకా నింపాలి. అంటే 2,900 పీఎస్‌ఐ. కారు టైరుకు కొట్టించే గాలికి దాదాపు తొంభై రెట్లు.

చేతిపంపు సంగతి తొందరగా చెప్పేస్తా. మూడు దశల పంపు. 100 బార్ దాకా ఆడుతూ పాడుతూ కొట్టొచ్చు, 150 దాటాక ఒంటి బరువంతా వేయాలి. బావ కొడుకు బక్కపలచటి పిల్లగాడు, పిడి మీద పొట్ట ఆనించి వేలాడినా అది దిగదు. "మామా, దీనికంటే బోరింగు నయం" అని వాడి తీర్పు. యాభై, అరవై పోట్లు కొట్టాక ఐదు నిమిషాలు ఆగాలి. వేడెక్కిన పంపును ఆపకుండా కొడితే ముందుగా పోయేవి లోపలి సీళ్లే. ఇంతకుమించి చేతిపంపుల్లో ఒకదానికీ ఇంకోదానికీ పెద్ద తేడా నాకు కనపడలేదు.

అసలు విషయం నీళ్లు. ఆగస్టులో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజు ఒక ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 200 సీసీ సిలిండర్‌ను ఖాళీ నుంచి 200 బార్‌కు నింపాలంటే 40 లీటర్ల బయటి గాలి కావాలి. లెక్కేస్తే ఒక్కో నింపుడుకు దాదాపు ఒక గ్రాము నీరు. గాలిని అంత నొక్కాక ఆ ఆవిరి ఆవిరిగా ఉండలేదు, చుక్కలై దిగుతుంది. ఆ చుక్కలు పోయేది రైఫిల్ వాల్వులోకి, స్టీలు సిలిండరైతే దాని గోడల మీదికి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇళ్లలోనే ఈ నీళ్లను ఎవరూ పట్టించుకోరు.

నేను రెండు చోట్ల ఆపుతున్నా. మొదటిది పంపు గాలి పీల్చుకునే చోట బిగించే ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్ గుళికలు. నారింజ రంగువి తడి పీల్చుకుంటే ఆకుపచ్చగా మారతాయి. జూలై, ఆగస్టుల్లో ఇవి ఎంత తొందరగా రంగు మారతాయో చూస్తే ఊపిరితిత్తుల మీద జాలేస్తుంది. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. పెనం మీద వేయించొద్దు, వేడి అదుపులో ఉండక రంగు మాడిపోతుంది, ఆ తర్వాత తడో పొడో తెలియదు.

రెండోది పంపు తర్వాత వచ్చే హై ప్రెషర్ ఫిల్టరు. దీన్ని నిలువుగానే పెట్టాలి, అప్పుడే నీళ్లు అడుగున నిలుస్తాయి. రెంటిలో ఒకటే కొనగలిగితే ఇదే కొనండి, ఎందుకంటే ఆవిరి నీరయ్యేది ఒత్తిడి పెరిగాకే. అయితే దీంట్లో ఒక లొసుగుంది. ఫిల్టరు లోపల 30 సీసీ ఖాళీ ఉందనుకోండి. నింపడం అయ్యాక, మిగిలిన గాలి వదిలే బ్లీడ్ స్క్రూ తిప్పితే 200 బార్ దగ్గర 6 లీటర్ల గాలి బుస్సున పోతుంది. 150 నుంచి 200కు టాప్ అప్ చేయడానికి రైఫిల్‌కు కావాల్సిందే 10 లీటర్లు! మన రెక్కల కష్టంలో మూడో వంతుకు పైగా గాల్లో కలిసినట్టు. అందుకే లోపలి గొట్టాన్ని ఫిల్టర్ దూదితో, గుళికలతో ఖాళీ లేకుండా నింపుతా. చిన్న ఫిల్టరే మేలు.

గొట్టానికీ ఇదే లెక్క. 2 మిల్లీమీటర్ల రంధ్రమున్న మీటరు మైక్రోబోర్ గొట్టంలో పట్టే చోటు 3 సీసీ మాత్రమే, 6 మిల్లీమీటర్లదైతే 28 సీసీ. ఆటోనగర్‌లో జేసీబీ గొట్టాలు చేసే దుకాణంలో "గిది నాలుగొందల బార్ పడ్తదన్నా, తీస్కపో" అన్నారు. పడుతుంది, నిజమే. కానీ లావుపాటి గొట్టం, పైగా హైడ్రాలిక్ ఆయిల్ మధ్య పుట్టి పెరిగిన సామాను. ఇంత ఒత్తిడి గాలికి పెట్రోలియం నూనె తగిలితే డీజిల్ ఇంజన్‌లో లాగే దానంతటదే అంటుకోవచ్చు. తుప్పు వదిలించే స్ప్రేలు, కుట్టుమిషన్ నూనె, గ్రీజు ఏవీ గాలి దారిలోకి రావొద్దు. సిలికాన్ గ్రీజు ఒక్కటే, అదీ వేలికి అంటీ అంటనట్టు.

అదే దుకాణంలో కొనదగ్గవీ ఉన్నాయి. జాయింట్లకు లోపల రబ్బరు అంచున్న డౌటీ వాషర్లు అక్కడే దొరుకుతాయి, నేరుగా ఉండే బీఎస్‌పీ పైపు మరలకు టెఫ్లాన్ టేపు చుట్టడం కంటే అవి వెయ్యి రెట్లు నయం. ఆరింగులూ అక్కడే. 90 షోర్ గట్టిదనం ఉన్నవి అడగండి. మెత్తటివి ఒత్తిడిలో గాలిని పీల్చుకుని, బ్లీడ్ చేయగానే పొక్కుతాయి. ప్రోబుకు రంధ్రానికి అటొకటి ఇటొకటి రెండు ఆరింగులుంటాయి. తోటలో మొరం దుమ్ము ఒక్క రేణువు అంటినా దోపేటప్పుడు గీత పడుతుంది, అక్కడి నుంచి గాలి సన్నగా ఈల వేస్తుంది. ప్రోబుకు మూత, రైఫిల్ రంధ్రానికి మూత, జేబులో స్పేర్ ఆరింగులు లేకుండా తోటకు బయల్దేరను.

వేడి సంగతి చాలామందికి తట్టదు. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర 200 బార్ నింపి, మే నెలలో అద్దాలు మూసిన కారులో వదిలేశారనుకోండి. లోపల 60 డిగ్రీలకు చేరితే ఒత్తిడి 224 దాకా పోతుంది. మార్చి నుంచి జూన్ దాకా నేను 180 దగ్గరే ఆపేస్తా. షాట్లు కొన్ని తగ్గుతాయి, తగ్గనీ.

కారు బ్యాటరీతో నడిచే చిన్న 12 వోల్టుల కంప్రెసర్ కూడా వాడుతున్నా. 200 సీసీకి చక్కగా పనిచేస్తుంది, నడుము బతికింది. 20 ఆంపియర్ల పైనే లాగుతుంది కాబట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచాలి. చప్పుడు మాత్రం తోటలో పిట్ట నిలవదు. కంప్రెసర్ కొన్నాం కదా అని ఫిల్టరు తీసేసేవాళ్లున్నారు. గాలి అదే, తేమ అదే, పోగయ్యే నీరూ అంతే.

అందరికంటే సుఖం పెద్ద సిలిండర్ ఉన్నవాళ్లది. 6.8 లీటర్ల 300 బార్ సిలిండర్ నుంచి 100 బార్‌కు దిగిన నా రైఫిల్‌ను మళ్లీ 200కు నింపితే లెక్క ప్రకారం ముప్పై నాలుగు సార్లు వస్తుంది. కానీ పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉన్న సిలిండరే కావాలి, హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తేదీ దాటకూడదు. నాకైతే దాన్ని నింపించడానికి హైదరాబాద్ పోయి రావాలి, అందుకే కొనలేదు. దగ్గర్లో వెల్డింగ్ షాపుంది కదా అని ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తే మాత్రం అది ప్రాణాలతో చెలగాటం. అధిక ఒత్తిడి ఆక్సిజన్‌కు రవ్వంత జిడ్డు చాలు, పేలుతుంది. ఎవరు ఎంత ధీమాగా చెప్పినా వినొద్దు.

పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిల్ సెకండ్‌హ్యాండ్‌లో చూస్తున్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. సిలిండర్ మీద తయారీ తేదీ ముద్ర ఉంటుంది, ఈ రైఫిళ్ల సిలిండర్లకు మామూలుగా పదేళ్లే గడువు. గడువు దగ్గర పడితే కొత్త సిలిండర్ ఖర్చు బేరంలో కలపండి.

నా చేతిపంపుకు ఇప్పుడున్నది రెండో సీల్ కిట్. రైఫిల్ వాల్వు మాత్రం కొన్నప్పటిదే, ఇంతవరకు విప్పాల్సిన పని పడలేదు.