ఇండిజినస్ కమ్యూనిటీ హెల్త్ కోర్సు: ఒక సెమిస్టర్ చదివాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, యూనివర్సిటీ పేరు రాయను, ఎందుకంటే కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో నర్సుగా చేస్తూనే ఇండిజినస్ (అంటే ఇక్కడి మూలవాసుల) కమ్యూనిటీ హెల్త్, మేనేజ్‌మెంట్, డెవలప్‌మెంట్ సబ్జెక్టులు ఒక సెమిస్టర్ తీసుకున్నా. షుగర్, కిడ్నీలు, బీపీ, ఇవే ఉంటాయిలే అనుకుని వెళ్తే మొదటి వారమంతా జబ్బు మాటే లేదు! క్లినిక్ ఎవరిది, బోర్డులో ఎవరు కూర్చుంటారు, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో ఎవరు తేలుస్తారు, అంతా ఇదే గోల.

తర్వాత తెలిసింది అసలు విషయం అదేనని. బయటి ఆసుపత్రుల్లో తమని సరిగ్గా చూడట్లేదని 1971లో సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో అబోరిజినల్ వాళ్ళే, అంటే ఈ మూలవాసులే, సొంతంగా మెడికల్ సర్వీస్ మొదలుపెట్టారు, ఇప్పుడు దేశమంతా అలాంటివి 140కి పైనే ఉన్నాయి. అయినా మిగతా ఆస్ట్రేలియన్లతో పోలిస్తే వీళ్ళ ఆయుష్షు మగవాళ్ళకి 8.8 ఏళ్ళు, ఆడవాళ్ళకి 8.1 ఏళ్ళు తక్కువ (2020-22 లెక్క). వీళ్ళు పెట్టుకునే సంస్థలకి, అంటే కార్పొరేషన్లకి, 2006 చట్టం వేరే ఉంది, డైరెక్టర్లలో ఎక్కువమంది వాళ్ళే ఉండాలి. ఆ సంస్థల రూల్ బుక్ చదవడం బోరే గానీ పనికొచ్చే బోరు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం రుమాటిక్ హార్ట్ డిసీజ్ అసైన్‌మెంట్. గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే రుమాటిక్ ఫీవర్ గుండెని పాడుచేస్తే అదే ఈ జబ్బు. ఆ ఫీవర్ మళ్ళీ రాకుండా 28 రోజులకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేయించుకోవాలి, మధ్యలో మిస్సయితే గుండె వాల్వులకి ముప్పు. మిస్ అవ్వకుండా ప్లాన్ వెయ్యమన్నారు. నేను ఎస్సెమ్మెస్ రిమైండర్లు, రంగురంగుల చార్టు, ఫుల్ బిల్డప్‌తో పట్టుకెళ్ళా. మా క్లాసులో కింబర్లీ (మా రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న మారుమూల ప్రాంతం) నుంచి వచ్చిన హెల్త్ వర్కర్ ఒకావిడ ఉంది, అందరం ఆంటీ అనే పిలుస్తాం. చార్టు చూసి, సూది వేయించుకోవాల్సిన పిల్లాడు సారీ బిజినెస్‌కి, అంటే చావు కార్యాలకి, వేరే ఊరెళ్ళి మూడు వారాలు ఉండిపోతే నీ మెసేజ్ ఎవరు చూస్తారమ్మా, ఆ ఫోను వాళ్ళక్క దగ్గరుంటే? అంది. ఆ మందు చిక్కగా ఉంటుంది, చాలా నొప్పి, ఫ్రిజ్‌లోంచి తీసి చేతుల మధ్య దొర్లించి చల్లదనం పోయాక మెల్లగా ఎక్కించాలి, అలా వేసే మనిషి ఉంటే పిల్లాడు తనంతట తనే వస్తాడంది. నొప్పి అనేది నా ప్లాన్‌లో లేనే లేదు, నేనేమో నర్సుని! సిగ్గేసింది. మార్కులు కూడా అలాగే వచ్చాయి లెండి.

ఇక తిట్లు. రీడింగ్ లిస్టు చాంతాడంత, సగం లింకులు ఓపెన్ కావు. మొదటి అసైన్‌మెంట్ ఫీడ్‌బ్యాక్ రెండోది సబ్మిట్ చేశాక వచ్చింది, ఇంకెందుకు అది? బ్లాక్ వీక్ అని వారమంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్యాంపస్‌లోనే కూర్చోబెడతారు, డేట్లేమో ఆఖరి నిమిషంలో చెప్పారు, రోస్టర్ మార్చుకోవడానికి నేను పడ్డ పాట్లు చెప్పక్కర్లేదు. ఆ వారమే కోర్సుకి ప్రాణం కాబట్టి ఊరుకున్నా, అసలు ఆంటీ లాంటి వాళ్ళు వేల కిలోమీటర్ల నుంచి వచ్చేదే ఆ వారానికి.

క్లాసులో మనం మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ, అది ఓపిక లేనివాళ్ళకి కష్టం. ప్యూర్ క్లినికల్ కావాలంటే ఇది తీసుకోవద్దు. నేనైతే నెక్స్ట్ సెమ్‌లో గవర్నెన్స్ యూనిట్‌కి (సంస్థల్ని, బోర్డుల్ని నడిపే పద్ధతుల సబ్జెక్టు) చేరిపోయా, ఈసారి లీవ్ ముందే అడిగి పెట్టుకున్నా.