ఇండిపెండెంట్ పైలట్‌కి కిక్‌స్టార్టర్ పనికొస్తుందా?

ఆసియన్ అమెరికన్ మగవాళ్ల కథతో పైలట్ ఎపిసోడ్ (సిరీస్‌కి నమూనాగా తీసే మొదటి ఎపిసోడ్) తీసి, దాన్ని జనంలోకి తీసుకెళ్లాలంటే కిక్‌స్టార్టర్ (జనం దగ్గర చందాలు పోగుచేసే సైట్) మంచిదే, లెక్క ముందే వేసుకుంటే. లక్ష్యం చేరకపోతే ఒక్క డాలరూ రాదు. చేరినా మొత్తం రాదు. 200 మంది కలిసి 10,000 డాలర్లు ఇచ్చారనుకోండి: సైట్ ఫీజు 5 శాతం, అంటే 500. పేమెంట్ ఛార్జీ 3 శాతం, పైగా తలకి 20 సెంట్లు, అదొక 340. చేతికొచ్చేది 9,160, అదీ కార్డులన్నీ పనిచేస్తే. డబ్బిచ్చినవాళ్లకి బదులుగా టీషర్టులు ఇస్తామంటే పోస్టేజీ ఇంకొంత మింగేస్తుంది. ఎపిసోడ్ లింకే నయం, అదీ పాస్‌వర్డ్‌తో. అందరికీ తెరిచి పెడితే ప్రీమియర్ నిబంధన (ముందెక్కడా జనానికి చూపించకూడదని) ఉన్న ఫెస్టివల్స్ తీసుకోవు.

గడువు 60 రోజుల దాకా పెట్టుకోవచ్చు. 30 చాలు, మధ్యలో ఎలాగూ చప్పబడుతుంది.

పిచ్ వీడియోని (డబ్బు అడుగుతూ సైట్‌లో పెట్టేది) హాలీవుడ్ ఆసియన్ మగవాళ్లని పట్టించుకోదన్న ఫిర్యాదుతో మొదలుపెట్టకండి (అది అందరికీ తెలిసిందే). హీరో తడబడుతూ అమ్మాయిని కాఫీకి పిలిచే సీను పెట్టండి. సబ్‌టైటిల్స్ వీడియోలోనే వేసేయండి, ఫోన్‌లో చాలామంది సౌండ్ ఆపేసి చూస్తారు.