బీబీసీ మైక్రోకు బొమ్మ: డబ్బా టీవీనా, ఏవీ కన్వర్టరా, రాస్ప్‌బెర్రీ పై జీరోనా?

బీబీసీ మైక్రో అనే పాత కంప్యూటర్‌ను వెనక్కు తిప్పితే బొమ్మ బయటికొచ్చే దార్లు మూడు కనిపిస్తాయి. ఒకటి యాంటెన్నా వైరు గుచ్చే యూహెచ్‌ఎఫ్ పిన్ను. రెండోది వీడియో అవుట్ అని రాసిన గుండ్రటి బీఎన్‌సీ సాకెట్. మూడోది ఆరు కాళ్ల డిన్ సాకెట్, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను విడివిడిగా ఇచ్చే ఆర్‌జీబీ. మొదటి రెండూ బొమ్మను ఎంతో కొంత పాడుచేసి ఇస్తాయి. మూడోది ముట్టుకోకుండా ఇస్తుంది. అందుకే ఏది కొనాలా అని ఆన్‌లైన్‌లో వెతికే ముందు, ఏ దారిలోంచి తీసుకుంటున్నామో తేల్చుకోవాలి. తర్వాత పెట్టే ఖర్చంతా దాన్ని బట్టే ఉంటుంది.

ఇంగ్లండులో 1981లో వచ్చిన యంత్రం కడపలో ఎందుకుందని అడిగేవాళ్లుంటారు. 1984లో మన ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ చదువు కోసం క్లాస్ అనే పథకం పెట్టింది. దానికి ఎంచుకున్నది ఏకార్న్ అనే ఇంగ్లండు కంపెనీ వాళ్ల బీబీసీ మైక్రోనే. సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్లు దాన్నే యూనికార్న్ పేరుతో ఇక్కడ తయారుచేశారు కూడా. ఆ బళ్లలో బీరువాలు ఖాళీ చేసినప్పుడల్లా ఒకటో అరో బయటికొస్తుంటాయి. నా దగ్గరున్నది అలా వచ్చిందే. కంప్యూటర్ దొరుకుతుంది గానీ, దాంతోపాటు ఇచ్చిన మానిటర్ మాత్రం దొరకదు. అది ఎప్పుడో పాత ఇనుము కింద పోయుంటుంది.

యూహెచ్‌ఎఫ్ దారి గురించి రెండు ముక్కలు చాలు. అది 36వ చానల్ దగ్గర పలుకుతుంది. మన ఇళ్లల్లో మిగిలిన పాతకాలం టీవీల్లో కొన్నిటి ట్యూనర్లు వీహెచ్‌ఎఫ్ వరకే. దూరదర్శన్‌కి అది సరిపోయింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ట్యూనర్‌కు అందినా చుక్కలు, నీడలు తప్పవు. వేరే దారే లేని యంత్రాలకు ఇది సరే. పక్కనే బీఎన్‌సీ ఉండగా ఈ పిన్ను జోలికి వెళ్లొద్దు.

బీఎన్‌సీ దగ్గర కాసేపు ఆగాలి. కావలసిన సామాను కడపలో ఏ సీసీటీవీ షాపులో అడిగినా ఇస్తారు. బీఎన్‌సీ నుంచి ఆర్‌సీఏకి మార్చే చిన్న కన్వర్టర్ పిన్ను పదుల రూపాయల్లో వస్తుంది. కెమెరాలకు వాడే అదే 75 ఓమ్‌ల వైరు, అదే పిన్ను. దాన్ని తెచ్చి పసుపుపచ్చ ఏవీ సాకెట్‌కి గుచ్చితే బొమ్మ వస్తుంది. కానీ నలుపు తెలుపుల్లో వస్తుంది. ఏదో పోయిందని కంగారు పడనక్కర్లేదు, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది. లోపల బోర్డు మీద ఎస్39 అనే లింకు ఉంటుంది. దాన్ని టంకం వేసి కలిపితే కలర్ వస్తుంది.

మరి కలర్ వచ్చే వీలుండి ఏకార్న్ వాళ్లు ఎందుకు ఆపేశారు? లెక్క చూస్తే తెలిసిపోతుంది. ఈ యంత్రంలో తెరను వాడే పద్ధతులు మోడ్ 0 నుంచి 7 దాకా ఉంటాయి. మోడ్ 0లో అడ్డంగా 640 చుక్కలు. తెర మీద ఒక గీతలో బొమ్మ ఉండే భాగం 40 మైక్రోసెకన్లు. అంటే చుక్కలు 16 మెగాహెర్ట్జ్ వేగంతో వెళ్తున్నాయి. ఒక చుక్క తెలుపు, పక్కది నలుపు అయితే సిగ్నల్ 8 మెగాహెర్ట్జ్‌లో ఊగుతుంది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో బొమ్మకు ఇచ్చిన జాగానే 5 మెగాహెర్ట్జ్. అందులోనూ కలర్ సమాచారం 4.43 దగ్గర కూర్చుని ఉంటుంది. సన్నటి అక్షరాల గీతలు వెళ్లి ఆ కలర్ నెత్తిన పడతాయి. టీవీ వాటిని కూడా కలరే అనుకుంటుంది. 80 కాలమ్‌ల మోడ్ 3లో ఒక ప్రోగ్రామ్ లిస్ట్ చేసి చూడండి, తెల్లటి అక్షరాల అంచుల్లో ఎరుపు, నీలం పొరలు పాకుతుంటాయి. ఎం, డబ్ల్యూ లాంటి నిలువు గీతల అక్షరాల దగ్గర మరీ ఎక్కువ. కాంపోజిట్ అంటేనే వెలుగునూ రంగునూ ఒకే వైరులో కలిపేసి అవతల విడదీయడం. బియ్యంలో రాళ్లు మనమే పోసి మళ్లీ చేట పట్టుకుని కూర్చున్నట్టు.

కాబట్టి బీఎన్‌సీ వాడేవాళ్లు ముందే ఒకటి తేల్చుకోవాలి. టైపింగు, బేసిక్ ప్రోగ్రాములే ముఖ్యమైతే ఎస్39 జోలికి వెళ్లకండి. రంగు కలవని సిగ్నల్‌లో అక్షరం శుభ్రంగా ఉంటుంది. ఆటలు ముఖ్యమైతే కలపండి. మోడ్ 2లో అడ్డంగా 160 చుక్కలే కదా, ఒక్కో చుక్క లావుగా ఉంటుంది కాబట్టి ఈ పొరల గొడవ అంతగా కనపడదు.

ఇంక ఆ పసుపుపచ్చ సాకెట్ ఏ టీవీది?

డబ్బా టీవీ అయితే నాకు మారుమాట లేదు. పిక్చర్ ట్యూబు మీద వచ్చే బొమ్మకు ఆలస్యం అనేదే లేదు. సిగ్నల్ వచ్చిన క్షణానే గీత పడుతుంది. 256 గీతల బొమ్మ ట్యూబు మీద నిండుగా కనిపిస్తుంది, అదే బొమ్మ ఎల్‌ఈడీ మీద మెట్లు మెట్లుగా అవుతుంది. చిక్కల్లా టీవీ దొరకడంలోనే. ఉచితంగా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఎత్తుకొచ్చేవాళ్లే లేరు. వై.వి. స్ట్రీట్ దగ్గర పాత టీవీలు ఇంకా విప్పి చూసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. "ట్యూబు వీక్ అయినా కొన్నాళ్లు నడుస్తాది సార్. ఎల్‌ఓటీ పోయిందంటే మాత్రం ఇంగ పక్కన పెట్టేయాల్సిందే. కొత్తది యాడ తెస్తాం?" అన్నాడు. ఇరవై వేల వోల్టులకు పైన పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్ అది. ఒక టీవీలోది ఇంకో టీవీకి ఊరికే అతకదు. అందుకే డబ్బా టీవీ పెట్టుకునేవాళ్లు దాని మీదే ఆధారపడకుండా రెండో దారి కూడా చూసుకోవాలని నా ఉద్దేశం.

ఆ రెండో దారి అనగానే అందరూ కొనేది ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బా. అరచేతిలో పట్టేంత నల్లటి పెట్టె, వెయ్యి లోపే వస్తుంది, ఇటు మూడు రంగుల పిన్నులు, అటు హెచ్‌డీఎంఐ. నాకు ఇది అస్సలు నచ్చదు. ఎందుకో చెబుతాను.

కాంపోజిట్‌లో ఉన్న పొరలన్నీ అలాగే ఉంటాయి, వాటినే పెద్దవి చేసి చూపిస్తుంది. అది మొదటి బాధ. రెండోది వణుకు. మామూలుగా బీబీసీ మైక్రో ఇంటర్‌లేస్ పెట్టి, అంటే బొమ్మను ఒక గీత విడిచి ఒక గీతగా రెండు ఫీల్డుల్లో పంపుతుంది, కానీ మోడ్ 0 నుంచి 6 దాకా రెండు ఫీల్డుల్లోనూ ఉండేది ఒకటే బొమ్మ. ఈ డబ్బాకు అది తెలియదు. సినిమా క్యాసెట్ అనుకుని రెండు ఫీల్డులనూ అల్లేస్తుంది. ఫలితంగా అక్షరాల పైగీతలు, కింది గీతలు దువ్వెన పళ్లలా చీలి వణుకుతాయి. *టీవీ 0,1 అని కొట్టి మోడ్ మార్చితే ఇంటర్‌లేస్ ఆగుతుంది, వణుకు తగ్గుతుంది. అయితే అప్పుడు వచ్చే 312 గీతల సిగ్నల్ టీవీ ప్రసారాల కొలతకు సరిగ్గా రాదు. కొన్ని డబ్బాలు దాన్ని చూసి నీలం తెర వేసి కూర్చుంటాయి. మోడ్ 7కి ఆ ఆదేశం అసలు పనిచేయదు. ఆ మోడ్‌లో అక్షరాలు వేసే టెలిటెక్స్ట్ చిప్పుకు, గుండ్రటి అంచుల కోసం ఇంటర్‌లేస్ కావాలి. మూడోది ఆలస్యం. బొమ్మను దాచి, పెంచి, పంపేసరికి బంతి బ్యాట్‌ను దాటిపోయి ఉంటుంది. టీవీలో గేమ్ మోడ్ పెడితే టీవీ వాటా తగ్గుతుంది గానీ డబ్బా వాటా అలాగే ఉంటుంది.

యంత్రం బతికుందా లేదా చూసుకోవడానికి ఒకసారి గుచ్చి చూస్తానంటే వాడండి. రోజూ కూర్చోవడానికి వద్దు.

ఇప్పుడు అసలు సరుకు, ఆరు కాళ్ల సాకెట్. ఒకటో కాలు ఎరుపు, రెండు ఆకుపచ్చ, మూడు నీలం, నాలుగు సింక్, అయిదు గ్రౌండు, ఆరు 5 వోల్టులు. ఇందులో చాలామంది గమనించనిది ఒకటుంది. ఆ మూడు రంగుల కాళ్ల మీద వచ్చేది మామూలు వీడియో లాంటి 0.7 వోల్టుల అనలాగ్ సిగ్నల్ కాదు. ఉంది, లేదు అని చెప్పే టీటీఎల్ డిజిటల్ సిగ్నల్. మూడు రంగులు, ఒక్కోదానికి రెండే స్థితులు, కాబట్టి ఎనిమిది రంగులు. 1981 నాటి యంత్రం డిజిటల్ బొమ్మ ఇస్తోంది, మన టీవీ డిజిటల్ బొమ్మ అడుగుతోంది. మధ్యలో దాన్ని అనలాగ్ చేసి మళ్లీ డిజిటల్ చేయడం దేనికి?

పాత యంత్రాల బొమ్మను కొత్త తెరలకు మార్చే ఓఎస్‌ఎస్‌సీ, జీబీఎస్-8200 బోర్డులు చేసేది మాత్రం అదే. ఓఎస్‌ఎస్‌సీ మంచి పనితనం ఉన్న వస్తువే. ఫ్రేమును దాచుకోకుండా గీతకు గీతను రెట్టించి పంపుతుంది కాబట్టి ఆలస్యం లేనట్టే. కానీ రంగుల కాళ్లకు రెసిస్టర్లు పెట్టి వోల్టేజీ తగ్గించి స్కార్ట్ వైరు చేయించుకోవాలి. యూరప్ టీవీల వెనక ఉండే ఈ స్కార్ట్ సాకెట్ మన ఊళ్లలో చూసినవాళ్లే తక్కువ. పైగా బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం. నాలుగైదు రకాల పాత యంత్రాలు ఉన్నవాళ్లకు గిట్టుబాటు అవుతుంది, ఒక్క బీబీసీ కోసమైతే దండగ. జీబీఎస్ బోర్డు చవక. దానికి ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డు ఒకటి అతికించి జీబీఎస్-కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే బాగానే మారుతుంది. అయితే అది వీజీఏ ఇస్తుంది. నెట్ సెంటర్లు మూసేసినప్పుడు మిగిలిన నలుచదరపు మానిటర్లు ఉన్నాయి కదా అని దానికి కలుపుతారు. వాటిలో చాలావరకు 50 హెర్ట్జ్‌ను ఒప్పుకోవు, అవుట్ ఆఫ్ రేంజ్ అని చూపించి ఆరిపోతాయి. 60కి మార్చి పంపితే స్క్రోల్ అయ్యే ఆటల్లో బొమ్మ కుదుపులు పడుతుంది. టంకం పట్టే సరదా ఉన్నవాళ్లకు ఇదొక కాలక్షేపం.

నా ఓటు ఆర్‌జీబీటుహెచ్‌డీఎంఐకి. రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్ నెత్తిన కూర్చునే చిన్న బోర్డు అది. మొదట్లో తయారైందే బీబీసీ మైక్రో కోసం, తర్వాతే మిగతా యంత్రాలకు పాకింది. ప్లాన్లు, సాఫ్ట్‌వేర్ అన్నీ అందరికీ ఉచితం. దాని మీదున్న, మనకు కావలసినట్టు పని నేర్పుకునే సీపీఎల్‌డీ చిప్పు ఒక్కో చుక్క ఎరుపా, ఆకుపచ్చా, నీలమా అని నేరుగా చదువుకుంటుంది. అనలాగ్ అనేది దారిలో ఎక్కడా తగలదు. మోడ్ 7కి చుక్కల వేగం వేరు, అక్కడ 12 మెగాహెర్ట్జ్. మోడ్ మారగానే తనంతట తానే కనిపెట్టి ఆ లెక్కకు మారుతుంది. ఏ క్షణాన చుక్కను చదవాలో తేల్చుకునే కాలిబ్రేషన్ కూడా ఉంది, బటన్ నొక్కితే తానే వెతుక్కుని సరిచేసుకుంటుంది. లోపల లైనక్స్ లేదు కాబట్టి కరెంటు ఇచ్చిన కొన్ని సెకన్లకే తెర వెలుగుతుంది, స్విచ్ ఎప్పుడు ఆపినా ఫరవాలేదు. మన కరెంటు సంగతి తెలిసినవాళ్లకు ఇది చిన్న లాభం కాదు.

తెర మీద తేడా చూడాలంటే ఇందాకటి లిస్టే మోడ్ 3లో మళ్లీ పెట్టండి. అక్షరం అంచు చాకుతో కోసినట్టు ఆగుతుంది, పక్కన పొర ఉండదు. నలుపు నలుపుగానే ఉంటుంది. 50 హెర్ట్జ్‌ను అలాగే పంపమని మెనూలో పెట్టుకోవచ్చు. మన దేశంలో అమ్మే టీవీలకు 50 హెర్ట్జ్ పుట్టుకతోనే వచ్చు, దూరదర్శన్ పుణ్యం. ఈ విషయంలో ఖరీదైన కంప్యూటర్ మానిటర్ కన్నా హాల్లో ఉన్న టీవీయే నయం.

మరి దీనికి వంక లేదా అంటే ఉంది. ట్యూబు మీద చుక్కలు ఒకదాంట్లో ఒకటి కరిగి నున్నగా కనిపించే బొమ్మ ఇక్కడ గళ్లు గళ్లుగా, నిక్కచ్చిగా కనిపిస్తుంది. స్కాన్‌లైన్లు వేసుకునే వీలుంది గానీ అది డబ్బా టీవీ కాదు. ఆ రోజుల్లో ఆడినవాళ్లకు మొదట కొంచెం వెలితిగా ఉంటుంది. సామాను విషయానికొస్తే, ఆరు కాళ్ల డిన్ ప్లగ్గు కడపలో అడిగితే అయిదు కాళ్ల పాత టేప్‌రికార్డర్ ప్లగ్గు చేతిలో పెడతారు. అది సరిపోదు. మనవాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో, కర్నూలు వాళ్లు హైదరాబాదు కోఠిలోనో వెతుక్కోవడమే. టంకం అలవాటు లేనివాళ్లు విడి బోర్డు తెప్పించి తిప్పలు పడకుండా, అన్నీ అతికించి సిద్ధంగా ఉన్నదే తీసుకోవాలి. ఆ సీపీఎల్‌డీ కాళ్లు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి. సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు మైక్రోస్కోప్ కింద పెట్టి చేసిస్తారనుకోండి, వాళ్లను బతిమాలుకోవాలి.

వీటన్నిటికన్నా ముందు ఒక పని. వీడియోకు పైసా ఖర్చు పెట్టకముందే పవర్ సప్లై విప్పించండి. మెయిన్స్ దగ్గర ఫిల్టర్ కోసం పెట్టిన కాగితం కెపాసిటర్ల పై పొర నెర్రెలిచ్చి ఉంటుంది. ఏళ్ల తరబడి బీరువాలో ఉండి ఒక్కసారిగా 230 వోల్టులు తగిలితే గది నిండా పొగ, వారం దాకా వదలని కంపు. మార్చే కెపాసిటర్లు ఖరీదైనవేమీ కావు. మెయిన్స్ కరెంటు మీద పెట్టడానికే చేసిన ఎక్స్2 రకం అని స్పష్టంగా చెప్పి తెచ్చుకోవాలి, వేరేవి ఆ చోట పెట్టకూడదు.

బీబీసీ కాకుండా, అదే కాలపు మరో ఇంగ్లండు కంప్యూటర్ స్పెక్ట్రమ్ ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. 48కే స్పెక్ట్రమ్‌కు వెనక ఆర్‌జీబీ సాకెట్ లేదు, ఉన్నది టీవీ పిన్ను ఒక్కటే. బొమ్మను టీవీ చానల్‌గా మార్చే దాని మాడ్యులేటర్‌ను తప్పించి కాంపోజిట్ సిగ్నల్‌ను నేరుగా అదే పిన్నుకు కలపడం రెండు వైర్ల పని, ఏ మెకానిక్ అయినా చేస్తాడు. 256 చుక్కల బొమ్మే కాబట్టి కాంపోజిట్‌లోనూ చూడబుల్‌గా ఉంటుంది. 128కే స్పెక్ట్రమ్ అయితే ఆర్‌జీబీ సాకెట్ వెనకే ఉంది, దాన్ని వదిలి కాంపోజిట్ కోసం పెట్టె విప్పనక్కర్లేదు.