కాటన్ అని నమ్మించి యాక్రిలిక్ అనే సింథటిక్ దారం అంటగట్టారు, క్రోషా దారం కొనేవాళ్ళు జాగ్రత్త

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. రేపటిదాకా ఆగితే కోపం చల్లారి, పోనీలే అని వదిలేస్తానేమో. అందుకే ఈ రాత్రే రాస్తున్నాను.

దారం అమ్మే ఆ ఆన్‌లైన్ పేజీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వెదురుబుట్టలో లేత రంగుల దారం ఉండలు పేర్చి ఫోటోలు పెడతారు, పండగ పండక్కీ ఆఫర్లంటారు. పేరు రాయడం లేదు. దారం కొనేవాళ్ళకి ఈపాటికే అర్థమై ఉంటుంది.

మేం ఐదుగురం స్నేహితులం, అందరం రాజమండ్రిలోనే ఉంటాం. 2020 లాక్‌డౌన్‌లో ఎవరింట్లో వాళ్ళం కూర్చుని, సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్ పెట్టుకుని అల్లడం మొదలుపెట్టాం. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. దారం ఒకచోట కొని పంచుకుంటాం, తలా కొన్ని గ్రానీ స్క్వేర్లు, అంటే చిన్న చిన్న చదరాలు, అల్లుతాం, చివర్లో ఒకరింట్లో చేరి అన్నీ కలిపి కుడతాం. ఈసారి మాలో ఒకావిడ కూతురికి ఏడో నెల. పుట్టబోయే బిడ్డకి 48 చదరాల దుప్పటి అనుకున్నాం. దారం తెప్పించే పూచీ నాది.

8 ప్లై మందం కాటన్ దారం, 100 గ్రాముల ఉండలు 12. ఒక్కోటి 240 రూపాయలు, కొరియర్ 120. మొత్తం 3000. క్యాష్ ఆన్ డెలివరీ లేదన్నారు, ఫోన్ నంబరుకి యూపీఐ చేయమన్నారు, చేసేశాను. డబ్బు పంపేముందు ఒక్క మాట మాత్రం అడిగాను. "చంటిబిడ్డకండీ, కచ్చితంగా కాటనేనా?" అని. "హండ్రెడ్ పర్సెంట్ మేడమ్, మా పాపకీ ఇదే దారంతో అల్లించాం" అని జవాబొచ్చింది. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్లోనే ఉంది. సాయంత్రం నుంచి ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు.

పార్సిల్ వచ్చిన రోజే అనుమానం రావాల్సింది. ఉండ చూడ్డానికి పెద్దగా, చేతికి తేలిగ్గా ఉంది. రంగు బాగుందన్న సంబరంలో పట్టించుకోలేదు. నలుగురి ఇళ్ళకీ పంపేశాను.

మొన్న సాయంత్రం మా నర్సాపురం వదిన వచ్చింది. వాళ్ళమ్మ, అమ్మమ్మ ఇద్దరూ లేసు అల్లినవాళ్ళే. షావుకారు దారం తూచి ఇస్తే, అల్లి అప్పజెప్పి కూలి తెచ్చుకునేవారట. ఆ ఊరి లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఒక ఊరి ప్రత్యేకమైన సరుకుకి ఆ ఊరి పేరు మీదే ఇచ్చే గుర్తింపు) వచ్చినప్పుడు వదిన మా అందరికీ మిఠాయిలు పంచింది. నా బుట్టలోంచి ఒక చదరం తీసి రెండు వేళ్ళ మధ్య నలిపింది. "ఇది నూలు కాదు వదినా. నూలు చేతికి చల్లగా తగుల్తుంది. ఇది సూది మీద కీచుమంటోంది చూడు" అంది.

నాకు గుండెల్లో రాయి పడింది. వంటింట్లోకి వెళ్ళి, జానెడు దారం పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంట దగ్గర పెట్టాం. మంట తగలకముందే దారం ముడుచుకుపోయింది. తర్వాత భగ్గున అంటుకుని, కరిగి, కొసన నల్లటి పూసలా గట్టిపడింది. ఘాటు వాసన. పక్కనే మా పాత కాటన్ దారం కాల్చి చూశాం. కాగితం కాలిన వాసన వచ్చింది, వేళ్ళతో నలిపితే పొడైపోయే బూడిద మిగిలింది. ఇక అడగాల్సింది ఏముంది?

ఉండకి చుట్టిన కాగితం పట్టీ మీద "100% కాటన్" అని స్టిక్కర్ ఉంది. తడివేలితో గీకితే ఊడొచ్చింది. కింద అసలు అచ్చులో యాక్రిలిక్ అని ఉంది. పన్నెండు పట్టీలూ గీకాను, పన్నెండింటి కిందా అదే మాట. పొరపాటున ఒక ఉండ కలిసిపోయిందంటే ఒప్పుకుందును. ఇది కూర్చుని ఒక్కొక్కటిగా అంటించిన మోసం.

ఈ బిడ్డ పుట్టేది నడి వేసవిలో. మా ఊరి ఎండలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. యాక్రిలిక్ చెమట పీల్చదు, ఒళ్ళంతా చెమటకాయలు లేస్తాయి. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పసిబిడ్డకి కప్పేదని ముందే చెప్పి అడిగాను కదా!

ఫోటోలు పంపితే రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఈ సాయంత్రం వేరే నంబరు నుంచి చేస్తే ఆ పేజీ నడిపే అతను ఎత్తాడు. అంతా విని, ఏమాత్రం తడుముకోకుండా అన్న మాట ఇది: "ఇంట్లో ఖాళీగా కూర్చుని అల్లుకునేదానికి కాటనైతే ఏంటి, యాక్రిలిక్ అయితే ఏంటి మేడమ్? బిడ్డకి తెలుస్తుందా?"

నాకు మాట రాలేదు. మరి మీ పాపకి అల్లించామన్నారే అని అడిగేసరికి, "అవన్నీ అందరికీ పంపే మెసేజ్‌లు" అన్నాడు. అల్లేసిన సరుకు మేం వాపసు తీసుకోం అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే రెండు నంబర్లూ బ్లాక్.

ఖాళీగానట! ఒక్కో చదరానికి నాకు నలభై నిమిషాలు పడుతుంది. ఇప్పటికి అయినవి 31. అంటే ఇరవై గంటలు దాటిన పని. మాలో పెద్దావిడ, పక్కవీధి పిన్నిగారు, మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉండి కూడా ఏడు అల్లారు. గుర్తు కోసం తన చదరాల మూలన ఎర్రదారంతో చిన్న ముడి వేస్తారు. ఆ ఏడు ముళ్ళూ ఇప్పుడు నా ఎదురుగా బల్ల మీద ఉన్నాయి. ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మూడు వేలు పోయాయన్న బాధ కన్నా ఇదే ఎక్కువ కోస్తోంది. నేను ఒక్క ఉండనైనా మొదటిరోజే తూచి, కాల్చి చూసి ఉంటే వాళ్ళ కష్టం ఇలా అయ్యేది కాదు. నన్ను నమ్మి దారం తీసుకున్నారు. తప్పు నాదే, నలుగురికీ డబ్బు నేనే వెనక్కి ఇస్తున్నాను. కొత్త దారం రేపు బజార్లో చేత్తో పట్టుకు చూసి కొంటాను.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మెసేజ్‌లు, యూపీఐ రసీదు, స్టిక్కర్ ఊడదీసిన వీడియో అన్నీ దాచాను. మీలో ఎవరికైనా ఇదే జరిగి ఉంటే మీరూ చేయండి.

కొనేవాళ్ళు ముందు ఒక్క ఉండే తెప్పించుకోండి. స్టిక్కర్ కింద ఏముందో గీకి చూడండి. కాల్చి చూసేటప్పుడు మాత్రం పట్టకారుతోనే పట్టుకుని, కింద నీళ్ళ గిన్నె పెట్టుకోండి. కరిగిన బొట్టు చేతి మీద పడితే అంటుకుపోతుంది, మొన్న వదిన వేలు కొద్దిలో తప్పింది.