గుడి, మసీదు, చర్చి కలిసి చేస్తున్న చెట్ల సేవ: మా వేపచెట్టుతో నా అనుభవం

మేముండేది సికింద్రాబాద్ మెట్టుగూడలో. ఇంటి ముందున్న వేపచెట్టు మా నాన్న నాటింది, నాకంటే రెండేళ్ళు చిన్నది. పోయిన ఏడాది వానాకాలం చివర్లో కొమ్మల చివర్లన్నీ ఎవరో మంట పెట్టినట్టు మాడిపోవడం మొదలై, చూస్తుండగానే సగం చెట్టు ఎండిపోయింది. అమ్మకి ఒకటే టెన్షన్. మా బావ అయితే కొట్టించేయమన్నాడు. అప్పుడు పక్కింటి ఆంటీ చెప్పింది, ఇక్కడ గుడి, మసీదు, చర్చి వాళ్ళు కలిసి చెట్లు చూసిపెడుతున్నారు, వెళ్ళి అడుగు అని.

అసర్ నమాజు అయ్యాక మసీదు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాయించాను. ఆదివారం పొద్దున్నే ముగ్గురు వచ్చారు: మసీదు తరఫున ఒక పెద్దాయన, పంతులు గారి అబ్బాయి, చర్చి యూత్‌లో ఒక కుర్రాడు. పెద్దాయన కొమ్మలు చూసి, ఇది వానల్లో వేపకి వచ్చే ఫంగస్, తెలంగాణలో చాలాచోట్ల వచ్చింది, చాలామటుకు చెట్టు చావదు అన్నాడు. ఆయన కళ్ళు మాత్రం మొదలు మీదే ఉన్నాయి. రోడ్డు వేసినప్పుడు కాంట్రాక్టర్ మనుషులు మాను దాకా కాంక్రీటు పోసి పోయారు, మేమూ ఇన్నేళ్ళూ పట్టించుకోలేదు. "అమ్మా, పైన మాడింది దానంతటదే చిగురు వేస్తది, ముందు ఈ మెడ మీది సిమెంటు తియ్యాలె" అన్నాడు మా అమ్మతో.

మెషిన్ పెడితే వేర్లు తెగుతాయని ఉలి, సుత్తితోనే కొట్టారు, అయిదు గంటలు పట్టింది. చుట్టూ మీటరు వదిలారు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీయాలని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది కదా, వీళ్ళూ అదే కొలత పాటిస్తున్నారు. గట్టిపడ్డ మట్టిని గుల్ల చేసి పశువుల ఎరువు కలిపి, పైన ఎండుటాకులు పరిచారు. ట్యూషన్, హాస్టల్ బోర్డులకి కొట్టిన మేకులు పదిహేడు బయటపడ్డాయి. ఎండిన రెమ్మలు కోసి, పెద్ద కోతల మీద బోర్డో పేస్టు పూశారు (కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళ లెక్కన కలిపింది). సామానుకి 600 రూపాయలు తీసుకున్నారు, కూలి ఇస్తానంటే ఒప్పుకోలేదు.

ఇదంతా ఒక ఎత్తు, తర్వాత వాళ్ళు మళ్ళీ మళ్ళీ రావడం ఒక ఎత్తు. మొక్కలు నాటే వాళ్ళకి ఈ ఊళ్ళో కొదవ లేదు, 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం, కానీ ఏప్రిల్, మే ఎండల్లో బిందెడు నీళ్ళు పోసేదెవరు? వీళ్ళు వంతులు పెట్టుకున్నారు. శుక్రవారం మసీదు వాళ్ళు, శనివారం గుడి వాళ్ళు, ఆదివారం చర్చి వాళ్ళు. ఎలాగూ జనం పోగయ్యే రోజులే కాబట్టి ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. మసీదులో వజూ చేసిన (నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కున్న) నీళ్ళు మోరీలోకి పోకుండా తొట్టిలో పట్టి వాడుతున్నారు, అది నాకు చాలా నచ్చింది.

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది ఇంకొకటి. గుడి ముందు రావిచెట్టు మొదట్లో నూనె, పాలు, పసుపు పోసి పోసి, బెరడుకి ఆనించి దీపాలు పెట్టి మాను ఒకవైపు నల్లగా కమిలిపోయింది. ఆ మాట బయటివాళ్ళు ఎవరన్నా చెప్తే గొడవే. పంతులు గారే నాలుగడుగుల దూరంలో దీపాలకి గట్టు కట్టించి, చెట్టుకి నీళ్ళు పోసి ప్రదక్షిణ చేస్తే చాలు అన్నారు, అందరూ విన్నారు. అలాగే నాటిన చెట్టు పండు పక్షి తిన్నా అది సదఖా (దానం) కిందే లెక్క అన్న ప్రవక్త మాట, హదీసు చెప్పి, షాదీ టెంట్ల తాళ్ళు చెట్లకి కట్టొద్దని ఇమామ్ సాబ్ జుమ్మా రోజు చెప్పారట. యుద్ధంలో కూడా పండ్ల చెట్ల మీద గొడ్డలి వేయొద్దని బైబిల్ ద్వితీయోపదేశకాండంలో ఉందని నాకు తెలియదు, పాస్టర్ గారు క్రిస్మస్ లైట్లకి మేకులు కొట్టొద్దంటూ ఆ వాక్యమే చదివారట. ఎవరి మనుషులకి వాళ్ళే చెప్పుకోవడం వల్లే ఈ పని నిలబడుతోందని నా నమ్మకం.

లోపాలూ ఉన్నాయి. ఫోన్ చేస్తే ఎత్తరు. పగలగొట్టిన సిమెంటు పెళ్ళలు మా గేటు ముందే తొమ్మిది రోజులున్నాయి, చివరికి నేనే ట్రాలీ ఆటో మాట్లాడి పంపించాను. కరెంటు తీగలకి తగిలే కొమ్మలు ముట్టుకోరు, అది సరైనదే, కానీ ముందే చెప్పి ఉంటే ఆ రోజు సెలవు పెట్టి ఎదురుచూసేవాణ్ణి కాదు. చెట్టు కొట్టమంటే అసలు రారు, 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలని చెప్పి పంపేస్తారు. మా బావ ఆ మాట ఎత్తితే, పెద్దాయన 1908 మూసీ వరదలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికిన సంగతి చెప్పాడు, బావ ఇంకేం మాట్లాడలేదు.

ఈ ఉగాది పచ్చడికి పువ్వు మా చెట్టుదే. అమ్మ గల్లీ అంతా పంచింది.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఈ చుట్టుపక్కల ఉంటే ఫోన్‌లో ప్రయత్నించకుండా నేరుగా వెళ్ళి రాయించుకోండి. రెండు ఫొటోలు తీసుకెళ్ళండి, మొదలుది ఒకటి, పైకొమ్మలది ఒకటి. చెత్త ఎవరు ఎత్తాలో ముందే మాట్లాడుకోండి.